అసిరమ్మ గొంతు ఏ ఇంట్లో ఎలా మోగాలి

శ్రీకాకుళం జిల్లా, కళింగపట్నం దరి దిబ్బలపాలెం గ్రామ కాపురస్థుడు, కీర్తిశేషులు మైలపిల్లి దాలయ్య కుమారుడు, శ్రీకాకుళం పట్టణంలో ఇళ్లకు ఇంటర్నెట్ తీగలు లాగి, పాత ఆంప్లిఫయర్లు బాగుచేసి బతుకుతున్న మైలపిల్లి గోవింద్ అను నేను, ఇరవై ఐదు సంవత్సరాల వయస్సులో, నా వాళ్లకూ, నా వాళ్లమని చెప్పుకునేవాళ్లకూ వ్రాసి ఉంచుతున్న వీలునామా ఏమనగా:

నా బుద్ధి స్థిరంగా ఉన్నది. చెడినది గుండెలో ఒక కవాటం మాత్రమే. వచ్చే గురువారం విశాఖపట్నంలో దాన్ని మారుస్తారు. నూటికి తొంభై అయిదు మంది లేచి నడుస్తారని డాక్టరు గారు చెప్పారు. మిగతా అయిదుగురి సామాను ఎవరు పట్టుకుపోయారో ఆయన చెప్పలేదు. నేను ఆ అయిదుగురిలో చేరితే, నా బావ నరసింగరావు గారు ఆ సాయంత్రానికే నా గది తాళం తీయించి, బల్ల మీది హార్డ్‌డిస్కును సంచిలో వేసుకుంటారు. అది జరగకుండా ఈ కాగితం. కోపంతో వ్రాశానని ఎవరైనా అంటే, నిజమే. కోపానికీ మతి తప్పడానికీ తేడా కోర్టువారికి తెలుసునని నమ్ముతున్నాను.

1. ఆస్తి. నాకు భూమి లేదు. పడవ మా నాన్నతోపాటే పోయింది. ఉన్నదల్లా ఆ హార్డ్‌డిస్కు. అందులో మా నాయనమ్మ మైలపిల్లి అసిరమ్మ పాడిన నలభై మూడు పాటలు ఉన్నవి. చేపలు ఎండబెట్టే దిబ్బ మీద, కాకుల్ని తోలుకుంటూ ఆమె పాడితే, రెండేళ్లపాటు నేను పక్కన కూర్చొని రికార్డు చేసినవి. కాకులు కూడా ఉన్నవి. వాటిని తీసెయ్యరాదు. ఆమె కిందటేడు ఫిబ్రవరిలో పోయింది. ఇక కొత్త పాట రాదు.

2. తగవు. ఇది చదివే అపరిచితులకు తెలియాలి గనుక వ్రాస్తున్నాను. నరసింగరావు గారు మా ఏకైక అక్క దుర్గ భర్త, శ్రీకాకుళంలో ఐసు ఫ్యాక్టరీ యజమాని, శాలువాలు కప్పించుకునే మనిషి. 2015లో, "నా దగ్గరుంటే భద్రం గోవిందూ" అని చెప్పి పాటల నకలు తీసుకున్నారు. నమ్మాను. ఆరు నెలల్లో సీడీ వచ్చింది. గొంతు నాయనమ్మది కాదు, విజయనగరంలో సంగీతం నేర్చుకున్న ఒక అమ్మాయిది. మాట కూడా నాయనమ్మది కాదు. బావ ఎర్ర పెన్ను పట్టుకుని, పాటల్లో "స" అన్నచోటల్లా "చ" దిద్దారు. సూడు చూడు అయింది. సెట్టు చెట్టు అయింది. అట్ట మీద ఆమె పేరు లేదు. "జానపదం. సేకరణ: నరసింగరావు" అని ఉంది.

సేకరణ! శ్రమ చేసినవాడి పేరు కొట్టేసి పోగుచేసినవాడి పేరు వేసుకోవడాన్ని నేను చదివిన కరపత్రాల్లో దోపిడీ అన్నారు. పెద్ద మాట అనుకునేవాణ్ణి. ఆ అట్ట చూశాక చిన్న మాట అనిపించింది.

అక్కడితో ఆగినా క్షమించేవాణ్ణేమో. పదిహేడో పాట సంగతి వేరు. 2003లో మా నాన్న పడవ తిరిగి రానప్పుడు నాయనమ్మ ఒడ్డున కూర్చొని మూడు రోజులు పాడిన పాట అది. "సంద్రమా సంద్రమా, నా బిడ్డనిచ్చీయవే" అని ఎత్తుగడ. బావ పెన్ను దాన్ని కూడా దిద్దింది. "చంద్రమా చంద్రమా" అయింది. కొడుకును మింగిన సముద్రాన్ని ఒక తల్లి నిలదీసిన పాట, పసిబిడ్డకు చందమామను చూపించే జోల అయిపోయింది. ఇప్పుడు దాన్ని ఉయ్యాల ఫంక్షన్లలో వేస్తున్నారు. వీణ కూడా కలిపారు.

ఆ సీడీ బావగారి హాల్లో మొదటిసారి వేసిన రోజున నాయనమ్మను సోఫాలో కూర్చోబెట్టారు. ఆమె శ్రద్ధగా విని, "ఇది ఎవుల్ది పాట? పిల్ల బాగా పాడతన్నాది. పాపం, దీని బిడ్డని సందమామ ఎత్తుకుపోనాడేటి?" అని అడిగింది. అందరూ నవ్వారు. బావ మరీ గట్టిగా నవ్వారు. అది తన పాటేనని ఆమెకు నేను చెప్పలేదు. చెప్పకుండానే ఆమె పోయింది.

ఇప్పుడు రెండో భాగం సీడీకి బావకు మిగతా పాటలు కావాలి. నేను ఇచ్చింది ఇరవై పాటలే. మిగిలిన ఇరవై మూడు డిస్కులోనే ఉన్నవి.

3. నా తదనంతరం సదరు హార్డ్‌డిస్కు మా మేనత్త కూర్మమ్మకు, అనగా అసిరమ్మ కన్నకూతురికి, సర్వహక్కులతో చెందవలెను. ఈ కింది నలుగురి ఇళ్లలోనూ మొత్తం పాటలు మోగవలెను. ఇందుకుగాను ఇంటి నెట్‌వర్క్ మీద పాటలు మోగించే పెట్టెలు, అనగా స్ట్రీమర్లు, ఎవరి చెవికీ చేతికీ తగ్గట్టు వారికి ఎంచి పెట్టాను. ప్రతి పెట్టెతోనూ ఈ డిస్కు నకలు ఒకటి ఇవ్వవలెను. నా వృత్తిలో చూసింది చెబుతున్నాను: జనం స్ట్రీమరు కొనేటప్పుడు దాని ముందు వెలిగే లైటు చూస్తారు. వినేదెవరు, ఏ గదిలో, ఆ గదికి వైఫై వస్తుందా, ఇంట్లో పాత స్పీకర్లు ఉన్నాయా అని ఒక్కరూ అడగరు. ఇంకో మాట. ఇంటి నెట్‌వర్క్ వేరు, ఇంటర్నెట్ వేరు. రూటరు, పాటల డిస్కు, స్ట్రీమరు ఒకే ఇంట్లో ఉంటే చాలు. నెలనెలా అద్దె కట్టించుకుని, మానేసిన రోజున పాటను లాక్కుపోయే కంపెనీతో పని లేదు. దున్నేవాడికి భూమి, వినేవాడికి పాట.

4. కూర్మమ్మ అత్తకు. అత్త తెల్లారేసరికి చేపల తట్ట ఎత్తుకుని పోతుంది, మధ్యాహ్నానికి వస్తుంది. పాలెంలో కరెంటు ఉంటే ఉంటుంది. తెర మీద వేలితో రాసే పెట్టె ఒకటి చూపిస్తే, "నాకివన్నీ ఒద్దురా బావూ. తిప్పితే పాడాల, తిప్పితే నోరు ముయ్యాల. నా సేతులకి నీసు ఉంటాది" అంది. ఇంతకంటే మంచి కొనుగోలు సలహా నేను ఏ పత్రికలోనూ చదవలేదు. అందుచేత పాత రేడియో డొక్కలో అరచేతంత కంప్యూటరు బోర్డు, బ్యాటరీ, తిప్పడానికి ఒకే ఒక్క మర పెట్టి సిద్ధం చేశాను. ఖర్చు అన్నిటికంటే తక్కువ, పని అన్నిటికంటే ఎక్కువ. మర తడి చేత్తో కూడా తిరుగుతుంది.

5. అక్క దుర్గకు. అక్క మీద నాకు కోపం ఉన్నది. సీడీ ఫంక్షన్‌లో పట్టుచీర కట్టుకుని బావ పక్కన నిలబడింది. తర్వాత వంటింట్లో నా చెయ్యి పట్టుకుని, "మాయమ్మ గొంతు ఇనాలని ఉన్నాదిరా, మీ బావ సూస్తే ఇంకేటైనా ఉందేటి!" అంది. మా అమ్మ చిన్నప్పుడే పోతే నాయనమ్మనే అమ్మ అని పిలుస్తూ పెరిగింది అక్క. కాబట్టి ఆమెకు ఇచ్చేది, స్పీకరు లోపలే ఉన్న చిన్న స్ట్రీమరు. పోపుల డబ్బాల వరుసలో పెడితే పోపుల డబ్బాలాగే ఉంటుంది. వంటింట్లో కుక్కరూ మిక్సీ మోగుతుంటాయి గనుక నాణ్యమైన ధ్వని కోసం డబ్బు తగలెయ్యడం దండగ. గొంతు స్పష్టంగా వస్తే చాలు. హాలు నుంచి వంటింటికి రెండు గోడలు, కాబట్టి వైఫై అందదు. నేను కిందటి నెల "ఫ్రిజ్జు ప్లగ్గు చూస్తా" అని చెప్పి విడిగా తీగ లాగి వచ్చాను. బావకు ఇది చదివాకే తెలుస్తుంది. తీగ పీకితే అక్క వెంటనే నా మిత్రుడు హరిబాబుకు చెప్పవలెను.

6. (ఈ క్లాజు మొదట వేరుగా వ్రాసి, కొట్టివేసి, తిరిగి వ్రాసినాను. కొట్టివేత నాదే. గో.) మిత్రుడు హరిబాబుకు ఏమీ ఇవ్వరాదని వ్రాశాను. కారణం, అతను బావగారి సీడీ ఫంక్షన్‌కు పోయి భోజనం చేశాడు. అడిగితే, "పాట కోసం కాదురా, బిర్యానీ కోసం పోనాను" అన్నాడు. తర్వాత ఆస్పత్రిలో నా పరీక్షలకు నాలుగుసార్లు వెంట వచ్చింది అతనే. "నీ కరపత్రాల్లో గుండె ఆపరేషన్ గురించి ఏటైనా రాసినారేటిరా?" అని వరండాలో అందరి ముందూ అడిగిందీ అతనే. గజపతినగరంలో బడి పంతులు, అద్దె గది, వాళ్ల నాన్న ఇచ్చిన ఆంప్లిఫయరు, చెక్క స్పీకర్లు రెండు ఉన్నవి. అవి ఈ రోజుల్లో దొరకవు. అలాంటివి ఉన్నవాడు కొత్త సెట్టు కొంటే తెలివితక్కువ. వెనకాల తగిలించే బిళ్లంత స్ట్రీమరు చాలు. అది అతనికి. గది ఖాళీ చేస్తే జేబులో వేసుకుపోవచ్చు. నా కరపత్రాల కట్ట కూడా అతనికే. చదవకపోయినా ఫరవాలేదు, పొయ్యిలో పెట్టరాదు.

7. అరుణశ్రీ గారికి. సీడీలో పాడింది ఈమే. నేను పదకొండు పేజీల ఉత్తరం వ్రాసి పంపాను. అందులో వాడిన మాటల్లో కొన్నిటిని ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఉత్తరం అందిన వారానికి ఆమె బస్సెక్కి దిబ్బలపాలెం వచ్చింది. పదిహేడో పాట వినిపించాను. మూడుసార్లు వింది. "నాకు కాగితం ఇచ్చారు గానీ గొంతు వినిపించలేదండీ" అంది. ఆ తర్వాత ఏ సభలోనూ ఆ జోల పాడలేదు. ఆమెకు నిజమైన చెవులున్నవి. అయితే ఉండేది హాస్టలులో, నలుగురు ఒకే గది. స్పీకర్లు పనికిరావు. హెడ్‌ఫోన్లకు మంచి కరెంటు ఇవ్వగల చిన్న పెట్టె తీసుకుని, మిగిలిన డబ్బంతా హెడ్‌ఫోన్ల మీదే పెట్టాను. ఈ నాలుగింటిలో ఖరీదైనది ఇదే. నా పొదుపులో సగం దీనికే పోయింది. ఎందుకని ఎవరూ ఆమెను అడగరాదు. నాయనమ్మ ఊపిరి పీల్చుకునే చప్పుడు ఈ ఒక్క పెట్టెలోనే వినపడుతుంది.

8. పై నలుగురూ అడిగినవారికి పాటల నకలు ఇవ్వవచ్చును. అడిగినవారు ఎదురుగా కూర్చొని కనీసం ఒక పాట పూర్తిగా వినవలెను. అమ్మరాదు. మాట దిద్దరాదు. ప్రతి పాట ఫైలులోనూ "పాడినది: మైలపిల్లి అసిరమ్మ, దిబ్బలపాలెం" అని ఎక్కించాను. దాన్ని చెరపరాదు.

9. నా శవం దగ్గర గానీ, సంతాప సభలో గానీ నరసింగరావు గారు మైకు పట్టరాదు. పడితే హరిబాబు తీగ లాగెయ్యవలెను. ఏ తీగో అతనికి చూపించాను.

10. నరసింగరావు గారికి. ఆయనకు స్ట్రీమరు ఇవ్వనక్కర్లేదు, శ్రీకాకుళంలోకెల్లా పెద్దది ఆయన దగ్గరే ఉన్నది. "ఊళ్లో ఎవరింట్లోనూ లేనిది కావాలి" అంటే నేనే ఎంచి తెచ్చాను. హాలు నిండా పాలరాయి గనుక ముందు తివాచీ, కర్టెన్లు వేయించండి, పెట్టె సగం ధరది చాలు అన్నాను. వినలేదు. ఆ పెట్టెను ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసి, వైఫై అందడం లేదని ఎనిమిదిసార్లు నన్ను పిలిపించారు. ఎనిమిదోసారి బంధువుల ముందు, "వీడికి పని రాదు, ఉపన్యాసాలు వచ్చు" అన్నారు. అది నేను మరిచిపోలేదు.

ఆయనకు ఈ పాటల్లో ఒక్కటి కూడా చెందదు. పై నలుగురిలో ఎవరైనా బంధుత్వానికో బెదిరింపుకో లొంగి ఆయనకు నకలు ఇస్తే, వారి పెట్టె రద్దు. అయితే ఒక షరతు మీద ఈ నిషేధం తొలగును. ఆయన దిబ్బలపాలెం వచ్చి, పట్టపగలు, ఎండుచేపల దిబ్బ మీద పనిచేసే ఆడవాళ్ల ముందు నిలబడి, "సంద్రం" అనే మాట పలకవలెను. చ కాదు, స. సరిగ్గా పలికిందీ లేనిదీ తీర్పు కూర్మమ్మ అత్తది. ఆ తీర్పు మీద అప్పీలు లేదు. అత్త ఎన్నిసార్లు మళ్లీ అనమంటే అన్నిసార్లు అనవలెను.

చేతకాక అనలేరని కాదు. ఆయన పుట్టింది మా పక్క పేటలో. ఆయన తండ్రి అలివి వల లాగినవాడు. పదో తరగతి దాకా ఆయనా ఆ మాటే అన్నారు.

అత్త చాలన్నాక, పదిహేడో పాటను ఆయన హాల్లో, ఆయన పెట్టె మీద, మా అక్క చేత్తో మోగించవలెను. బావ కూర్చొని వినవలెను. పాట అయ్యేదాకా లేవరాదు. నాయనమ్మ ఆ పాటలో వెనక్కి అడుగుతున్నది ఉయ్యాలలోని పసిబిడ్డను కాదు. దాలయ్యను. 2002లో పెళ్లి పీటల మీద ఈయన కాళ్లు కడిగి పిల్లనిచ్చిన మావను.

11. ఈ వీలునామా అమలుకు హరిబాబును కార్యనిర్వాహకుడిగా నియమించడమైనది. నేను బతికి లేచిన పక్షంలో దీన్ని మార్చుకునే హక్కు నాకు ఉన్నది. పదో క్లాజు మాత్రం మార్చను.

తేదీ: 12 నవంబరు 2017
దిబ్బలపాలెం

(సంతకం) మైలపిల్లి గోవింద్

మా సమక్షంలో, చదివి వినిపించగా విని, గోవింద్ సంతకం చేయడం చూసి సాక్షులుగా:
1. సూరాడ గంగరాజు, పడవ యజమాని (సంతకం)
2. కోడ దానమ్మ, ఎండుచేపల వ్యాపారం (ఎడమ బొటనవేలి ముద్ర)