గాజుల సంగతి చెప్పిందెవరు

సాంగ్లీ,
జ్యేష్ఠ శుద్ధ సప్తమి, ఆదివారం.

ఆయీకి నీ చిన్నకూతురు వైజయంతి నమస్కరించి రాసేది. నేనూ ముక్తా ఒంట్లో కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ అన్నయ్యా వదినా కూడా అలాగే ఉన్నారనుకుంటాను. పంపిన పుల్లటి కోకం అందింది. చారు పెడితే ముక్త రెండు గిన్నెలు తాగింది.

నీ ఉత్తరంలో మూడు అడిగావు. ముక్త పొడుగైందా, జడ్జి ఏమన్నారు, నేను ఫోను ఎందుకు ఎత్తడం లేదు. పిల్ల పొడుగైంది, నిరుటి గౌన్లన్నీ మోకాళ్ల పైకి పోయాయి. మూడోదానికి జవాబు రాద్దామని పది రోజులుగా కాగితం తీయడం, మళ్లీ లోపల పెట్టడం. అందుకని ముందు కోర్టు సంగతి.

పిల్ల ఖర్చు తప్పించుకోడానికి శిరీష్ ఇప్పుడు తనకు వ్యాపారమే లేదంటున్నాడు. పసుపు గోదాం, మార్కెట్ లైసెన్సు అన్నీ తమ్ముడి పేరుకు మార్చేశాడు. "తమ్ముడి దగ్గర గుమాస్తాను సార్, నెలకు పదిహేను వేలు" అని జడ్జి ముందు చేతులు కట్టుకుని చెప్పాడు. పన్నెండేళ్లు కాపురం చేసినదాన్ని, అతను చేతులు కట్టుకోవడం చూసి నవ్వు ఆపుకోలేకపోయాను. మా వకీలు ఖరే మేడం మోచేత్తో పొడిచింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. వాళ్ల వకీలు లేచి, "ఈవిడ గాజులు తాకట్టు పెట్టుకుని బతుకుతోంది. పిల్లను ఏం పెట్టి పెంచుతుంది? నూటమూడు జ్వరంలో ఉన్న పాపను పక్కింట్లో వదిలేసి ఆఫీసుకు పోయింది" అన్నాడు. పోయాను ఆయీ, నిజమే. పాల సొసైటీలో ఆ రోజు సెలవు ఇవ్వలేదు. కానీ అతనికెలా తెలిసింది?

ఆ రోజు నుంచి నాకు ప్రతి ముఖంలోనూ శిరీష్ మనిషే కనిపించాడు. పక్కింటి కమలాతాయికి తాళంచెవి ఇవ్వడం మానేశాను.

"ఏమే వైజూ, తాళం కొంగున కట్టుకుని తిరుగుతున్నావు, ఇంట్లో దొంగలు పడ్డారా?" అందామె.

"ఇంకా పడలేదు" అన్నాను.

అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. ఖరే మేడం కోర్టు క్యాంటీన్లో ఆ వకీలుతో కలిసి టీ తాగుతుంటే చూసి, ఆమెనూ నిలదీశాను. "టీకి కూడా వేరే కాపురం పెట్టాలా అమ్మా?" అని కసిరింది.

అయితే గాజుల సంగతి వాళ్లిద్దరికీ తెలియదు. నీకొక్కదానికే తెలుసు. పైగా అల్లుడంటే నీకు మొదటినుంచీ ముద్దు. ఇక దాచను. నిన్నే అనుమానించాను. నాకు రత్నగిరి బదిలీ అవుతోందని రాశాను చూడు, అది అబద్ధం. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తర్వాతి వాయిదాలో ఆ వకీలు, "పిల్లను తీసుకుని రత్నగిరి ఉడాయించాలని చూస్తోంది" అన్నాడు. చెప్పింది నువ్వేనని రూఢి చేసుకున్నాను. ఆ సాయంత్రం నుంచే నీ ఫోను ఎత్తలేదు.

మూడు వారాల కిందట ఆదివారం ముక్త వాళ్ల నాన్న దగ్గర్నుంచి వచ్చి, తిన్నగా బీరువా తెరిచింది.

"ఏం వెతుకుతున్నావే?"

"గాజులు. నాన్న తెచ్చివ్వలేదా?"

"ఏ గాజులు?"

"నువ్వు బ్యాంకులో పెట్టినవి. నేను నాన్నతో చెప్పాగా. విడిపించి తెస్తానన్నాడు."

బ్యాంకుకు దాన్ని వెంటబెట్టుకుపోయింది నేనే. బొమ్మలేసుకుంటోంది కదా, దానికేం తెలుస్తుందనుకున్నాను. జ్వరం వచ్చినట్టు తెలిస్తే చూడ్డానికి వస్తాడని చెప్పిందట. నేను స్నానానికి వెళ్లినప్పుడు నువ్వు ఫోను చేసి దానితో "రత్నగిరిలో రోజూ సముద్రం చూడొచ్చే" అన్నావటగా, మమ్మల్ని వెళ్లకుండా ఆపుతాడని ఆ మాటా చేరవేసింది. తొమ్మిదేళ్ల పిల్ల మా ప్రతి కష్టాన్నీ తండ్రి తీరుస్తాడని మోసుకెళ్లింది. అతను వాటిని వకీలు చేతిలో పెట్టాడు.

ఇంతకన్నా సిగ్గుపడే మాట ఇంకోటుంది. ఆ పూటే దానికి జొన్నరొట్టె, శనగపిండి పిఠ్లా వడ్డించి పక్కన కూర్చున్నాను. "గోదాంలో బాబాయి ఉంటాడా, తల్లీ? లారీల వాళ్లకు డబ్బు ఎవరిస్తారు?" అని మెల్లగా అడిగాను. బాబాయి సంతకాలకే వస్తాడట. ఎక్కడ చెయ్యాలో నాన్న వేలుపెట్టి చూపిస్తాడట. హమాలీలంతా నాన్ననే సేఠ్ అంటారట. నేను క్యాలెండర్ కాగితం వెనక రాసుకుంటున్నాను. నాలుగో ప్రశ్నకు ముక్త చేతిలో రొట్టె ముక్క కంచంలో పెట్టేసింది.

"నువ్వూ నాన్నలాగే అడుగుతున్నావు" అంది.

అయినా ఆ కాగితం ఖరే మేడం దగ్గరకు పట్టుకెళ్లాను. ఆమె చదివి, "భలే కబురు. ఎవరు చెప్పారని వాళ్లు అడుగుతారు. పాపను బోనెక్కిద్దామా?" అంది. కాగితం వెనక్కి తీసుకున్నాను. గోదాం నడిపేదెవరో తేలేలా ఆమె మార్కెట్ కమిటీ రికార్డులు, బ్యాంకు కాగితాలు తెప్పించమని అర్జీ పెట్టింది. నెలలు పడుతుందంది. పట్టనివ్వండి అన్నాను.

శుక్రవారం జడ్జిగారు ఉత్తర్వు ఇచ్చారు. కేసు తేలేదాకా పిల్ల నా దగ్గరే. ఆదివారాలు ఇప్పటిలాగే అతని దగ్గర. పిల్ల ఖర్చుకు నెలకు ఎనిమిది వేలు. మేం అడిగింది పాతిక వేలు. రికార్డులు వచ్చాక మళ్లీ చూస్తామన్నారు.

మెట్లమీద శిరీష్ ఎదురై, "ఎనిమిది వేలకా ఇంత రభస?" అన్నాడు.

"గుమాస్తాకు ఎనిమిది వేలంటే మాటలా?" అన్నాను. అతని మొహం ఎర్రబడింది.

కన్నతల్లికి ఎర వేసినదాన్ని ఆయీ. నోరారా తిట్టు, ఈసారి ఫోను ఎత్తుతాను. కమలాతాయి ఇంటికి రేపు పొద్దున్నే వెళ్తాను. తలుపు తీస్తుందో లేదో.

ఇప్పుడే ముక్త తండ్రి దగ్గర్నుంచి వచ్చింది. అక్కడి మాట ఒక్కటీ అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. "ఏం తిన్నావమ్మా?" అని మాత్రం అన్నాను. చెప్పులు విప్పి, నా ముఖంలోకి చూసింది.

"ఎందుకు?" అంది.

ఇట్లు,
నిన్ను నమ్మలేకపోయిన నీ చిన్నకూతురు
వైజూ