అడుగున్నర సందు

మద్దిలేటీ,

మీ అమ్మను చూపించడానికి నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోతున్నా. పది గంటలకు బేల్దారి మేస్త్రీ వస్తాడు. నువ్వు ఎంచుకుని తెచ్చిన కొత్త కిటికీనే పెట్టించు. నాకేం పేచీ లేదు. కానీ అది పాతదానికంటే అడుగున్నర పొట్టి. ఆ సందు పైన పూడ్చమను. కింద వద్దు.

నిన్న నువ్వు బేల్దారితో, "కిందనే కట్టెయ్ అన్నా. దావన పోయేటోళ్లకు మాయమ్మ మంచం కనపడగూడదు" అన్నావు. కొట్టంలో ఉండి విన్నా.

పొద్దున మీ అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, కిటికీకి కింద అడుగున్నర ఎత్తున గోనెపట్ట కట్టి, నేను ఆమె మంచంలో పడుకుని చూశా. ఎదురింటి కప్పు, పైన ఆకాశం. అంతే.

ఆమెకు పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. పాల సుంకులమ్మ రోజూ దావన పోతూ "ఏందక్కా, తిన్యావా?" అని అడుగుతుంది. మీ అమ్మ బాగున్న చెయ్యి ఎత్తుతుంది. ఇంట్లో ఉండి నువ్వు ఆ మాట ఎప్పుడు అడిగావో గుర్తు చేసుకో.

సంగటి, పప్పు మూత పెట్టి ఉన్నాయి. తిను.

నాయన

మేం వచ్చేసరికి కింద కట్టించి ఉంటే, ఆమె మంచం తెచ్చి వీధి అరుగు మీద వేస్తా. అప్పుడు అందరికీ కనపడుతుంది.