మెషీనుతో మాట్లాడే పెళ్లికొడుకు

నీలకంఠం బావకి, పలాస నుంచి నీ బావమరిది రాయడం. జీడిపిక్కలు ఎండబోసి, కాకుల్ని తోలుకుంటూ రాస్తున్నాను.

మీ కలకత్తా ఆఫీసుకి కంప్యూటరనే లెక్కల మెషీనొస్తోందని, దాంతో మాట్లాడే ఫోర్‌ట్రాన్ భాష నేర్చుకుంటున్నానని నువ్వు రాసిన ఉత్తరం ఇంట్లో చదివానా, మా చెల్లిని నీకిచ్చే మాట అక్కడే ఆగింది.

"మనిసన్నోడు మాటాడని బాసేట్రా? దానికి బారసాల ఎవులు సేసినారు?" అంది మామ్మ. రెండు ఇంగ్లీషు మాటల తలలు కోసి అతికిన పేరని నువ్వు రాసినట్టే చెప్పాను. "తలలు కోసినారా? పిల్లనియ్యం" అని ఇంకా బెదిరిపోయింది.

చెల్లి ఆ ఉత్తరం లాక్కుని మళ్లీ చదివింది. ఒక్క అక్షరం తప్పినా మెషీను వినదని, ఓపిగ్గా మళ్లీ మొదట్నుంచి చెప్పుకోవాలని రాశావు కదా. "అంతోపికున్నోడు నా మాటా ఇంటాడు మామ్మా. నాను ఈ బావనే సేసుకుంతాను" అంది. మామ్మ నవ్వేసి ఒప్పుకుంది.

ఆ భాష నేర్పే రెండు పుస్తకాల్లో ఏది కొనాలన్నావు. లావుది వద్దు. లెక్కలు చేసి చూపించే సన్నదే మంచిది. పిక్క కొట్టడం మేం చేతికి పిక్కిచ్చే నేర్పుతాం గానీ కబుర్లు చెప్పి కాదు.

ఆ సన్నదే రెండు ప్రతులు కొను, నీకొకటి, చెల్లికొకటి. టెక్కలి బళ్లో ఇంగ్లీషు చదువుకుంది కదా, నువ్వు ఆ మెషీనుతో ఏం మాట్లాడుతున్నావో తనకీ తెలియాలంటోంది చెల్లి. కొన్నట్టు కార్డు రాయి, ముహూర్తం పెట్టిస్తాను.