లారీ దిగే తీరు

నాన్నా,

కోప్పడకుండా చదువు. నువ్వు ముప్పై ఏళ్లు లారీ నడిపిన కంపెనీలో నేను చేరడం లేదు.

మీ ఓనరుగారు "మీ నాన్న బండే ఇస్తానమ్మా, జీతం కూడా ఎక్కువే" అన్నారు. డ్రైవింగ్ స్కూలు అయిపోయి వారం కాలేదు కదా, గాల్లో తేలిపోయాను. అంతలో లారీలు తిరిగొచ్చాయి. డ్రైవర్లందరూ ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో నడుం పట్టుకుని దిగారు. నీ బండి ఎక్కి కూర్చుని చూశాను. సీటా అది? దానికంటే చెక్కబల్ల నయం!

పాల ట్యాంకరు వాళ్ల దగ్గర జీతం తక్కువే. కానీ అక్కడి డ్రైవర్లు బండిలోంచి చిన్నపిల్లల్లా కిందికి దూకుతున్నారు. సోమవారం చేరుతున్నాను.

నువ్వు ఇంటి ముందు బండి దిగి, నడుం మీద చెయ్యేసుకుని హీరోలా నిలబడేవాడివి. నేనూ అద్దం ముందు అలాగే నిలబడేదాన్ని. ఇన్నాళ్లూ అది నీ స్టైలనుకున్నాను నాన్నా.

నీ చిన్నది