రెండు పక్కలా ఒకేలా ఉన్న బురద

ఆగస్టు 14, 1979

నిద్ర పట్టడం లేదు.

పరకాల డాక్టరు గారికి జీపు అమ్మింది నేనే. ధర్మసాగర్ దగ్గర బురదలో నడిపి చూపించి, "నాలుగు చక్రాలు గుంజుతయి సార్, యాడా ఆగది" అన్నాను. వచ్చిన ప్రతివాళ్లకీ అదే చెబుతాను.

ఈ రోజు పరకాల నుంచి తిరిగి వస్తుంటే ఆ జీపే కనిపించింది. ఎడమ పక్క చక్రాలు బురద కాలువలోకి దిగబడి ఉన్నాయి. నొప్పులు పడుతున్న ఒకామెను దవాఖానకు తెస్తున్నారట. డాక్టరు గారు ఆమెతో పాటు ఎడ్లబండి ఎక్కి వెళ్లిపోయారు. డ్రైవరు సాంబయ్య ఒక్కడే మిగిలాడు. నన్ను చూసి మళ్లీ ఇంజను రేజు చేశాడు. ఎడమ చక్రాలు రెండూ గిర్రున తిరిగాయి. గట్టి నేల మీదున్న కుడివి రెండూ కదల్లేదు.

"నాలుగు గుంజుతయంటివి గదన్నా. ఈ రెండు సూస్కుంట నిలబడ్డయేంది?"

ఒక పక్క చక్రాలకు పట్టు లేకపోతే బలమంతా వాటికే పోయి, రెండో పక్కవి కదలవని నాకు ముందే తెలుసు. సాంబయ్యకు ఆ మాట చెప్పలేకపోయాను. ఆమె సంగతీ అడగలేకపోయాను.

రేపు కాజీపేట నుంచి ఇంకొకాయన జీపు చూడటానికి వస్తాడు. బురదలో నడిపి చూపించే చోటు మా షోరూము సేటు ఎప్పుడో ఎంచి పెట్టాడు. అక్కడ బురద రెండు పక్కలా ఒకేలా ఉంటుంది.