ఆ ఒక్క ఓటు

ప్రియమైన కీర్తనకు అమ్మ దీవెనలు.

దేవుని దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. ఎనిమిది నెలలుగా ప్రతి ఉత్తరంలోనూ ఈ మాట రాస్తూనే ఉన్నాను గానీ, ఈసారి నిజంగా రాస్తున్నాను. వేలూరులో నీకు హాస్టలు గది మారిందని, గాలి బాగా వస్తోందని చదివి సంతోషపడ్డాను.

లిడియా పెండ్లికి మనం పోతామా లేదా అని అడిగావు. పోతాం. ఎట్లా కుదిరిందో ఫోనులో చెప్పలేను. నీ నవ్వుకు ఆస్పత్రి వార్డంతా లేచి కూర్చుంటుంది.

నేను రెండోసారి సర్పంచికి నిలబడి, గౌరి చేతిలో ఒక్క ఓటుతో ఓడినప్పటి నుంచి మీ నాన్న సంగతి నీకు తెలిసిందే. ఓడింది నేను, పదవి పోయింది ఆయనకు. ఆ ఓటు మీ చిన్నాన్న ప్రభుదాసే గౌరికి వేశాడని తీర్మానించి, సొంత తమ్ముడితో మాటలు మానేశాడు. చర్చిలో కూడా చెరో వైపు. ప్రభుదాసు అవుననలేదు, కాదనలేదు, తల దించుకుని పోయేవాడు. దాంతో మీ నాన్నకు అనుమానం మరింత గట్టిపడింది. కూతురు లిడియాను పులివెందుల సంబంధానికి ఇస్తున్నామని ప్రభుదాసు పత్రిక తెచ్చిస్తే చేత్తో ముట్టలేదు.

మొన్న శనివారం విత్తనాలకని ప్రొద్దుటూరు పోయి, ఎండకు తాళలేక ఇద్దరం సినిమాకు వెళ్లాం. ఓడిపోయిన మంత్రి కథ. అందరినీ అనుమానించి తరిమేసి, చివరికి ఖాళీ కుర్చీలకు ఉపన్యాసం చెబుతాడు. షామియానావాడు ఒక్కొక్క కుర్చీ మోసుకుపోతూ, ఆఖరికి మంత్రి కూర్చున్నది కూడా అడుగుతాడు. మంత్రి లేచి, ఒక కాలు ఊగుతుంది చూసుకో అని చెప్పి ఇచ్చేస్తాడు. అంతే, సినిమా అయిపోయింది. మీ నాన్న కండ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. దీపాలు వెలిగినా లేవలేదు.

“ఏమే, నేను గూడా ఇట్లనే ఉండానా?” అన్నాడు.

ఇక నీకూ దాచను తల్లీ. ఆ ఓటు నాదే. నా ఓటు నేనే గౌరికి వేశాను. ఐదేండ్లు మీ నాన్న వేలు పెట్టి చూపిన చోటల్లా సంతకం పెట్టాను. ఏ కాగితంలో ఏముందో తెలియదు. పంచాయతీ ముందు ఆఫీసర్ల జీపు ఆగితే చాలు, నా కోసమే వచ్చారనుకునేదాన్ని. గౌరి చదవందే సంతకం పెట్టదు. నా ఒక్క ఓటుతో ఏమవుతుందిలే అనుకున్నాను. తీరా అంతా అయ్యాక దొంగకు తేలు కుట్టినట్టు నోరెత్తలేకపోయాను. నా నింద ప్రభుదాసు మోస్తుంటే ఆదివారం ప్రార్థనలో కండ్లు మూసుకోవడానికి కూడా సిగ్గయ్యేది.

ఆ హాల్లోనే చెప్పేశాను. ఎందుకని అడిగితే అదీ చెప్పాను. చాపాడు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఊర్లో దిగాక మాత్రం ఇంటికి రాకుండా నేరుగా తమ్ముడి ఇంటికి నడిచాడు. భయపడుతూ వెనకే పోయాను.

“తప్పు నాదిరా. ఆ ఓటు మీ వదిన ఏసింది,” అన్నాడు గడప దగ్గరే నిలబడి.

ప్రభుదాసు నా వైపు తిరిగాడు.

“నువ్వా వదినా? మా ఆమె ఏసిందేమో అనుకోని, ఆమె పేరు బయటికి రాకూడదని ఇన్నాళ్లూ అన్నీ పడితి గదా.”

అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కూలబడి ఒకటే నవ్వు. మీ పిన్ని ఎలిజబెత్ మా ఇద్దరికీ కాఫీ తెచ్చింది, మొగునికి మాత్రం ఇయ్యలేదు.

ఇట్లు,
గుండె బరువు దిగిన మీ అమ్మ