మూడు కళ్ళ బ్యాడ్జి

విశాఖపట్నం,
జూలై 1979

అమ్మకు, నాన్నకు నమస్కారాలు. కోర్సు పాసయ్యాను. ఇప్పుడు నేవీలో డైవర్‌ని. నీళ్ళ ఉద్యోగం మానేసి రమ్మని మళ్ళీ కార్డు రాయించకమ్మా.

చొక్కా చేతికి కుట్టుకోమని బ్యాడ్జి ఇచ్చారు. నీళ్ళలోకి దిగేవాళ్ళు తలకు తొడుక్కునే రాగి టోపీ బొమ్మ అది. ముందొక అద్దం, పక్కల రెండు. మల్కాపురం వెళ్ళి అత్తకు చూపించాను. “మూడు కళ్ళున్నాయి, శివుడేరా. బొట్టెట్టకుండా ఎలాగ తొడుగుతావు?” అంటూ బొమ్మకు పసుపు రాసి కుంకుమ పెట్టేసింది. మరక పోవాలని సబ్బుతో రుద్దితే పసుపు కాస్తా ఎర్రబడింది. మర్నాడు పరేడ్‌లో మా చీఫ్ చూసి దెబ్బ తగిలిందా అని కంగారుపడ్డాడు. మా అత్త దీవెన అని చెప్పాను. నవ్వాడు గానీ చొక్కా మార్చుకు రమ్మన్నాడు.

ఎర్రావు ఈనిందా? గవర్రాజు బావ ఇటు వస్తే ఆవకాయ పంపించు. ఇక్కడి కూరల్లో కారమే ఉండదు.

వచ్చే నెల సెలవుకు వస్తాను. నువ్వు మాత్రం బ్యాడ్జికి బొట్టు పెట్టకు. నేను నీళ్ళలో ఉన్నంతసేపూ ఆ చొక్కా ఒడ్డున మేకుకు వేలాడుతుంది. దిగేవాణ్ణి నేను. నాకు పెట్టు.

నీ కొడుకు
అప్పలసూరి